మలివయసు ముల్లెకు సలహా ఎవరినడగాలి?

పంట అమ్మితే ఆర్నెల్లకు మళ్లీ పంటొస్తుంది. పొలం అమ్మితే మళ్లీ పొలం రాదు. ముసలితనానికి దాచుకున్న సొమ్ము కూడా అంతే. ఒకసారి తప్పు చోట పెడితే, డెబ్బయ్యేళ్ల వయసులో నాగలి పట్టి మళ్లీ సంపాదించడం ఎవరివల్లా కాదు. అందుకే ఈ వారం ఎరువులు, పురుగుమందుల ముచ్చట కాస్త పక్కన పెడదాం. అరవై దాటాక నెలనెలా చేతికి నాలుగు పైసలు రావాలంటే ఎవరిని అడగాలి? ఊరికే చెప్పేవారి మాట చాలా, ఫీజు పుచ్చుకుని చెప్పేవారి దగ్గరికి వెళ్లాలా? శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడు ఇది ఇంటింటి ప్రశ్న.

ఊళ్లు మారాయి.. వయసూ మీదపడింది

శంషాబాద్ విమానాశ్రయం కోసం 2000వ దశకం మొదట్లో భూసేకరణ జరిగింది. సుమారు 5,500 ఎకరాల్లో కట్టిన ఈ విమానాశ్రయం 2008 మార్చి 14న ప్రారంభమైంది. మార్చి 23 నుంచి విమానాలు తిరిగాయి. అదే ఏడాది గచ్చిబౌలి వైపు నుంచి అవుటర్ రింగు రోడ్డు వచ్చింది. జొన్న, కంది, కూరగాయలు పండిన నేలలో గోదాములు, హోటళ్లు, వెంచర్లు లేచాయి. మామిడిపల్లి, గొల్లపల్లి మొదలు తుక్కుగూడ, పాల్మాకుల, కొత్తూరు దాకా ఎకరం ధర గజాల లెక్కలోకి మారింది.

అప్పుడు నలభై ఏళ్లున్న రైతు ఇప్పుడు అరవై దాటాడు. కొందరికి నష్టపరిహారం వచ్చింది, బిడ్డ పెండ్లికీ ఇంటికీ అయిపోయింది. కొందరు మిగిలిన ఎకరమో అరెకరమో ఈమధ్య అమ్మారు, ఆ సొమ్ము బ్యాంకులో ఉంది. మరికొందరి కొడుకులు విమానాశ్రయంలో, కార్గోలో, హోటళ్లలో కాంట్రాక్టు పనుల్లో ఉన్నారు. వీరందరికీ పింఛను అవసరమే గానీ ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. తండ్రికి పనికొచ్చిన దారి కొడుక్కి పనికిరాదు. పక్కింటాయనకు కలిసొచ్చింది మనకు కలిసిరావాలనీ లేదు.

దారి చూపడం వేరు.. సలహా చెప్పడం వేరు

ఈ రెంటికీ తేడా రైతుకు కొత్తేమీ కాదు. వ్యవసాయ విస్తరణాధికారి చేనుకొచ్చి 'ఇది ఫలానా పురుగు, దీనికి ఈ మూడు మందులున్నాయి, మోతాదు ఇంత' అని చెబుతాడు. అది దారి చూపడం. పైసా తీసుకోడు, ఏ మందు అమ్ముడుపోయినా ఆయనకు వచ్చేదీ లేదు. ఇక పశువుకు జబ్బు చేస్తే ప్రైవేటు డాక్టరును పిలిపిస్తాం. ఆయన ఆ ఒక్క గేదెను చూసి, దాని ఈత, వయసు, మేత అడిగి 'దీనికి ఇదే చేయాలి' అంటాడు. అది సలహా. దానికి ఫీజిస్తాం. తేడా వస్తే 'నువ్వే కదా చెప్పావు' అని అడిగే హక్కూ మనకుంటుంది.

వీరిద్దరూ కాక మూడో మనిషి ఒకడున్నాడు, మందుల దుకాణదారు. ఆకు పట్టుకెళ్లి చూపిస్తే ఆయనా ఊరికే చెబుతాడు. కాకపోతే తన అరల్లో ఏదుందో, దేనిమీద లాభం ఎక్కువో అదే చెబుతాడు. ఆ మాట ఉచితంగా వచ్చినట్టే ఉంటుంది. దాని ఖరీదు బిల్లులో కలిసి ఉంటుంది.

పింఛను విషయంలోనూ ఈ ముగ్గురే ఉన్నారు. మీ ముందు కూర్చున్నది ముగ్గురిలో ఎవరో ముందు తేల్చుకోండి. సగం పని అక్కడే అయిపోతుంది.

ఈ తేడాను కొన్ని దేశాల్లో చట్టమే చెబుతుంది. బ్రిటన్‌లో 2015 ఏప్రిల్‌లో పెన్షన్ వైజ్ అనే ఉచిత సేవ పెట్టారు. యాభై దాటినవారికి వారి ముందున్న దారులేమిటో వివరిస్తుంది. 'నువ్వు ఇది చెయ్' అని మాత్రం చెప్పదు. అక్కడే జీవితాంతం ఖాయంగా వచ్చే పింఛనును వదులుకుని సొమ్మును వేరేచోటికి మార్చుకోవాలంటే, దాని విలువ 30 వేల పౌండ్లు దాటితే, లైసెన్సున్న సలహాదారు దగ్గరికి వెళ్లి తీరాలి. చిన్నవాటికి ఉచిత మార్గదర్శనం చాలు, తిరిగి దిద్దుకోలేని పెద్దవాటికి సలహా కావాలన్నది అక్కడి నియమం. మన దగ్గర అలాంటి కట్టడి లేదు. కాబట్టి ఆ గీత ఎవరికివారే గీసుకోవాలి.

నలభై లోపువారికి ఉచితం చాలు

ఇంకా సేద్యం చేస్తున్న చిన్న, సన్నకారు రైతులకు ప్రధానమంత్రి కిసాన్ మాన్‌ధన్ యోజన ఉంది. 2019 సెప్టెంబరు 12న మొదలైంది. రెండు హెక్టార్లు, అంటే అయిదెకరాల లోపు భూమి ఉండి, 18 నుంచి 40 ఏళ్ల వయసువారు చేరవచ్చు. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కట్టాలి. అంతే సొమ్ము కేంద్రం కలుపుతుంది. అరవై నిండాక నెలకు 3 వేలు వస్తుంది. రైతు పోతే భార్యకు, లేదా భర్తకు అందులో సగం, 1,500 వస్తుంది. సీఎస్‌సీ కేంద్రంలో నమోదుకు రైతు ఏమీ ఇవ్వనక్కర్లేదు. ఆ ఖర్చు ప్రభుత్వానిదే. ఈపీఎఫ్, ఈఎస్ఐ ఉన్నవారు ఇందులోకి రారు.

రెండోది అటల్ పెన్షన్ యోజన. 2015 మే 9న వచ్చింది. బ్యాంకు లేదా పోస్టాఫీసు ఖాతా ఉండాలి. వయసు 18-40 మధ్యే. నెలకు వెయ్యి నుంచి 5 వేల దాకా మనమే ఎంచుకోవచ్చు. 2022 అక్టోబరు 1 నుంచి ఆదాయపు పన్ను కట్టేవారిని చేర్చుకోవడం లేదు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. నలభై ఏళ్ల రైతు అరవైలో 3 వేలు కావాలనుకుంటే మాన్‌ధన్‌లో నెలకు 200 కట్టాలి. అటల్‌లో అదే 3 వేలకు 873 కట్టాలి. చూడగానే మొదటిదే మేలనిపిస్తుంది. అటల్‌లో మాత్రం భార్యకు సగం కాదు, పూర్తి 3 వేలూ వస్తుంది. ఇద్దరూ పోయాక 5 లక్షల 10 వేలు నామినీకి అందుతుంది. మాన్‌ధన్‌లో ఇద్దరూ పోయాక పిల్లలకు వచ్చేదేమీ లేదు. నెలకు కట్టే శక్తి తక్కువైతే ఒక దారి, పిల్లలకు కొంత మిగలాలనుకుంటే మరో దారి.

ఈపాటి లెక్కకు ఎవరికీ ఫీజు ఇవ్వనవసరం లేదు. కావాల్సింది ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, పట్టాదారు పాసుపుస్తకం, ఒక పూట సమయం. 'ఫారం నింపిస్తా, అయిదొందలియ్యి' అన్నవాడి వెంట పోకండి.

విమానాశ్రయం పనుల్లో ఉన్న పిల్లలకు

కాంట్రాక్టు పనుల్లో ఉన్న కుర్రాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఏజెన్సీ మారినప్పుడల్లా 'పీఎఫ్ పైసలు తీసుకుందాం' అంటారు. వెంటనే ఒక మధ్యవర్తి తయారవుతాడు.

జీతంలోంచి పీఎఫ్ కోసినప్పుడు యజమాని వాటాలో 8.33 శాతం ఉద్యోగుల పింఛను పథకానికి, అంటే ఈపీఎస్-95కు వెళుతుంది. దీనికి జీతం పరిమితి నెలకు 15 వేలు. పదేళ్ల సర్వీసు నిండితే 58వ ఏట నుంచి జీవితాంతం పింఛను వస్తుంది. లెక్క తేలికే. పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చవేసి 70తో భాగించాలి. 15 వేల జీతం, 12 ఏళ్ల సర్వీసు ఉంటే నెలకు సుమారు 2,571 రూపాయలు. మనిషి పోయాక భార్యకు పింఛను ఉంటుంది. 2014 సెప్టెంబరు నుంచి కనీస పింఛను వెయ్యి రూపాయలు చేశారు.

ఒక ఏజెన్సీలో ఆరేళ్లు, మరో ఏజెన్సీలో నాలుగేళ్లు చేసినవాడు రెండూ కలుపుకుంటే పదేళ్లవుతుంది. మొదటి ఆరేళ్ల పింఛను సొమ్ము తీసేసుకుంటే చేతికి కొన్ని వేలొస్తాయి, సర్వీసు మాత్రం మళ్లీ సున్నా నుంచి మొదలు. పని మానేసినా సొమ్ము తీయకుండా 'స్కీమ్ సర్టిఫికెట్' తీసుకుంటే ఆ ఆరేళ్లు నిలబడి ఉంటాయి. తర్వాతి ఉద్యోగంలో కలుస్తాయి. యాభై దాటాక ముందుగానే పింఛను తీసుకోవచ్చు గానీ, 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది. ఆ కోత పోయేది కాదు, బతికున్నంత కాలం ఉంటుంది.

ఇది చెప్పడానికి పీఎఫ్ శాఖే ఉంది. 2023 జనవరి నుంచి 'నిధి ఆప్కే నికట్' పేరుతో ప్రతి నెలా 27న జిల్లాల్లో శిబిరం పెడుతున్నారు. ఆ రోజు సెలవైతే మర్నాడు ఉంటుంది. యూఏఎన్ నంబరు, ఆధార్, పాత ఏజెన్సీల జీతం చీటీలు పట్టుకెళ్లండి. 'నా సర్వీసు మొత్తం ఎన్నేళ్లు? ఎక్కడైనా కలవకుండా ఉందా?' అని అడగండి. పేరులో, పుట్టిన తేదీలో తేడాలుంటే ఇప్పుడే దిద్దించుకోండి. 58లో దిద్దించుకుందామంటే ఆ ఏజెన్సీ ఉండకపోవచ్చు.

అరవై దాటినవారికి

ముందు సర్కారు పింఛను సంగతి. తెలంగాణలో 2014లో ఆసరా పేరుతో మొదలైన పింఛన్లలో వృద్ధులకు ఇచ్చేదాన్ని 2019లో 2,016 రూపాయలకు పెంచారు. తర్వాత అర్హత వయసును 65 నుంచి 57కు తగ్గించారు. ఆసరా నిబంధనల ప్రకారం 3 ఎకరాలకు మించి తరి, 7.5 ఎకరాలకు మించి మెట్ట ఉన్నవారికి ఇది రాదు. భూమి అమ్మేసినా పాత రికార్డులో మీ పేరే ఉండిపోతే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. అది సరిచేయించుకోవడానికి ఊళ్లో పంచాయతీ కార్యదర్శిని, పట్నంలో మున్సిపల్ ఆఫీసును అడగాలి. దీనికీ ఫీజు లేదు.

ఇంకో మాట. 2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల వారికే. ఆ తర్వాత అది ఉందనుకుని ధీమాగా ఉండకండి.

చేతిలో సొమ్మున్నవారికి పోస్టాఫీసులోనూ బ్యాంకుల్లోనూ సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంది. 2023 ఏప్రిల్ నుంచి దీని పరిమితిని 15 లక్షల నుంచి 30 లక్షలకు పెంచారు. అప్పుడు వడ్డీ 8.2 శాతంగా పెట్టారు. ఆ లెక్కన 30 లక్షలకు మూడు నెలలకోసారి 61,500, అంటే నెలకు 20,500 రూపాయలు. వడ్డీ రేటును ప్రభుత్వం మూణ్నెల్లకోసారి సమీక్షిస్తుంది. మీరు వేసిన రోజున ఉన్న రేటే అయిదేళ్లపాటు ఉంటుంది. వెళ్లిన రోజు రేటెంతో కౌంటర్లో అడిగి తెలుసుకోండి. అరవై నిండనివారికి పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకం ఉంది. అందులో ఒక్కరి పేరున 9 లక్షలు, ఉమ్మడిగా 15 లక్షల దాకా వేయవచ్చు.

బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బ్యాంకు మూతపడితే బీమా కింద ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి వడ్డీతో కలిపి 5 లక్షల దాకానే భరోసా. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. 2001లో కృషి బ్యాంకు, 2002లో చార్మినార్ బ్యాంకు మూతపడినప్పుడు హైదరాబాద్‌లో ఎందరు అల్లాడారో పాతవారికి గుర్తే. ఎక్కువ వడ్డీ ఆశకు పెద్ద మొత్తం ఒకేచోట పెట్టకండి.

వీటిదాకా కూడా ఉచిత మార్గదర్శనం సరిపోతుంది. ప్రతి జిల్లాలో లీడ్ బ్యాంకు మేనేజరు ఉంటారు. రిజర్వు బ్యాంకు సూచనతో బ్యాంకులు ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలు నడుపుతున్నాయి. అక్కడ చెప్పేవారు ఏదీ అమ్మరు. నలుగురైదుగురు కలిసి అడిగితే ఊరికే వచ్చి సమావేశం పెట్టమనవచ్చు. వానాకాలం పంటల మీద రైతు వేదికలో సమావేశం పెట్టుకున్నట్టే దీనికీ ఒక పూట కేటాయించుకోండి.

ఉచితం వెనక ఏముంది?

భూమి సొమ్ము ఖాతాలో పడిందంటే చాలు, ఫోన్లు మొదలవుతాయి. 'పెద్దాయనా, మా బ్యాంకుకు రండి, టీ తాగుతూ మాట్లాడుకుందాం' అంటారు. బీమా ఏజెంటు ఇంటికే వస్తాడు. తరచుగా చుట్టమే అయి ఉంటాడు. వారిని దొంగలనలేం. అది వారి పని. కాకపోతే వారికి వచ్చేది కమీషన్, ఆ కమీషన్ ఒక్కో పాలసీకి ఒక్కోలా ఉంటుంది. అరవై అయిదేళ్ల మనిషికి ఏటేటా ప్రీమియం కట్టే పాలసీ అంటగడితే, రెండో ఏట కట్టలేక వదిలేస్తే నష్టం ఎవరిది? ఏజెంటు కమీషన్ ఏజెంటుకు ముట్టే ఉంటుంది.

ఇలాంటి చోట రెండు రక్షణలున్నాయి. ఒకటి, 'దీనిలో మీకెంత వస్తుంది?' అని మొహమాటపడకుండా అడగండి. పాల కేంద్రంలో వెన్న శాతం అడగమా? ఇదీ అంతే. రెండు, పాలసీ కాగితం చేతికొచ్చిన రోజు నుంచి 30 రోజుల్లోగా వద్దనుకుంటే వాపసు ఇచ్చేయవచ్చు. 2024 వరకు ఈ గడువు మామూలుగా 15 రోజులే ఉండేది. కొద్దిపాటి ఖర్చులు పట్టుకుని మిగతా సొమ్ము ఇస్తారు. కాబట్టి పాలసీ వచ్చిన వారంలోగా చదువుకున్న పిల్లలచేత అక్షరం వదలకుండా చదివించుకోండి.

ఫీజు ఇచ్చి అడగాల్సిన చోట్లు

ఎప్పుడు ఫీజు ఇవ్వాలన్నది ఒక్క ప్రశ్నతో తేలుతుంది. 'ఇది తప్పయితే మళ్లీ దిద్దుకోవచ్చా?' దిద్దుకోగలిగితే ఉచితం చాలు. దిద్దుకోలేకపోతే, మొత్తం పెద్దదైతే, ఫీజు దండగ కాదు. మన ప్రాంతంలో అలాంటివి ముఖ్యంగా మూడున్నాయి.

మొదటిది, భూమి అమ్మిన సొమ్ము మీద పన్ను. 'సాగు భూమికి పన్నెక్కడిది?' అని చాలామంది అనుకుంటారు. పది లక్షలకు మించిన జనాభా ఉన్న మున్సిపల్ హద్దు నుంచి సూటిగా కొలిస్తే 8 కిలోమీటర్ల లోపలున్న సాగుభూమికి మూలధన లాభం పన్ను వర్తిస్తుంది. శంషాబాద్ చుట్టుపక్కల చాలా భూములు ఈ గీత లోపలే పడతాయి. 2024 జులై 23 తర్వాత అమ్మిన భూమి లాభంపై రేటు 12.5 శాతం. ఆ తేదీకి ముందే చేతిలో ఉన్న భూమికి, ధరల పెరుగుదల లెక్కగట్టి 20 శాతం కట్టే వీలూ ఇచ్చారు. ఏది తక్కువైతే అది కట్టొచ్చు. తాతల నాటి భూమికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. అమ్మేముందు రెండేళ్లు సాగులో ఉన్న భూమి అయితే, ఆ లాభంతో రెండేళ్లలోగా మరోచోట సాగుభూమి కొంటే మినహాయింపుంది. ప్రభుత్వం సేకరించిన భూమి లెక్క మళ్లీ వేరు.

కోటి రూపాయల లాభం మీద 12.5 శాతమంటే పన్నెండున్నర లక్షలు. సెస్సు, సర్‌చార్జి అదనం. ఇంత సొమ్ము తేలాల్సిన చోట చార్టర్డ్ అకౌంటెంటుకిచ్చే కొన్ని వేలు చూసుకుని వెనకాడటం, వడ్లు కొలిచేటప్పుడు పరదా అద్దె మిగుల్చుకోవడం లాంటిది. ఇంకొకటి. ఈ సలహా రిజిస్ట్రేషన్‌కు ముందు తీసుకోవాలి. సంతకాలు అయ్యాక వెళితే చాలా దారులు మూసుకుపోయి ఉంటాయి.

రెండోది, పెద్ద మొత్తం ఒకేసారి కట్టి జీవితాంతం పింఛను కొనుక్కోవడం. దీన్నే యాన్యుటీ అంటారు. బీమా కంపెనీలు ఇస్తాయి. మనిషి పోయాక పింఛను ఆగిపోయేది ఒక రకం. భార్యకు కొనసాగేది ఒక రకం. ఇద్దరూ పోయాక కట్టిన సొమ్ము పిల్లలకు తిరిగొచ్చేది మరో రకం. తిరిగొచ్చేదాంట్లో నెలసరి తక్కువ. ఒకసారి ఎంచుకున్నాక మార్చుకోవడం సాధారణంగా కుదరదు. మామూలు యాన్యుటీలో నెలసరి పెరగదు కూడా. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఇప్పటి 10 వేలు పదేళ్ల తర్వాత సుమారు 5,600కు సమానం. నెలసరి ఆగదన్న భరోసా మాత్రం దీని బలం. ఉన్న సొమ్మంతా ఇందులో పోయాలా, సగమా, అసలే వద్దా అన్నది మీ ఆరోగ్యం, మీ ఇంటి ఖర్చు, మీ మీద ఆధారపడినవారిని చూసి చెప్పాల్సిన మాట. అమ్మేవాడు చెప్పే మాట కాదు.

మూడోది, పిల్లల పేరిట ఆస్తి రాసివ్వడం. 'బతికుండగానే పంచేద్దాం' అని గిఫ్టు డీడ్ రాసిచ్చి, ఆ తర్వాత గుడి మెట్ల మీద కూర్చున్నవారి కథలు ప్రతి ఊళ్లో ఉన్నాయి. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం, చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకుని పట్టించుకోకపోతే ఆ దస్తావేజును ట్రైబ్యునల్ రద్దు చేయగలదు. అందుకే 'తిండి, మందులు, ఆలనాపాలనా చూడాలి' అన్న షరతు దస్తావేజులోనే రాయించాలి. 'మా వాడు అలాంటోడు కాదు' అని వదిలేసిన ఆ ఒక్క వాక్యమే రేపు ఆధారం. దీనికి లాయరు ఫీజు పెట్టండి. తర్వాత గొడవొస్తే ఆర్డీవో దగ్గరి ట్రైబ్యునల్‌కు అర్జీ మీరే పెట్టుకోవచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100, వృద్ధుల సహాయానికి 14567 నంబర్లున్నాయి.

ఫీజు ఎవరికి? ఎంత?

పెట్టుబడి సలహా ఫీజుకు చెప్పేవారు సెబీ దగ్గర నమోదై ఉండాలి. 2013లో దీనికి నిబంధనలు వచ్చాయి. నమోదు నంబరు ఐఎన్ఏ అనే మూడు ఇంగ్లిషు అక్షరాలతో మొదలవుతుంది. ఆ నంబరు సెబీ జాబితాలో ఉందో లేదో పిల్లలచేత ఫోనులో చూపించుకోవచ్చు. ఇలాంటివారు మీ దగ్గర సలహా ఫీజు తీసుకుంటే, మీకే పథకాలు అమ్మి కమీషన్ తీసుకోకూడదు. ముందే ఒప్పంద పత్రం ఇవ్వాలి. ఫీజు బ్యాంకు ద్వారానే తీసుకోవాలి, నగదు కూడదు. ఇంత లాభం గ్యారంటీ అని చెప్పకూడదు.

ఫీజు రెండు రకాలు. ఏడాదికి ఇంతని ఒకటి, మీ సొమ్ములో ఇంత శాతమని ఒకటి. 2025లో సెబీ పెట్టిన గరిష్ఠ హద్దు ఒక కుటుంబానికి ఏడాదికి లక్షా 51 వేలు. శాతం లెక్కలో 2.5 శాతం. ఇవి పై హద్దులే, ఇంత ఇచ్చి తీరాలని కాదు. బేరమాడొచ్చు.

శాతం లెక్కలో జాగ్రత్త. 'ఒక్క శాతమే కదా' అనిపిస్తుంది. 40 లక్షల మీద ఒక్క శాతమంటే ఏటా 40 వేలు, పదేళ్లకు 4 లక్షలు. సొమ్ము పోస్టాఫీసులోనే ఉంచుకోవాలనుకునే మనిషికి ఏటేటా ఈ ఖర్చు దేనికి? ఒక్కసారి కూర్చుని మొత్తం లెక్క కాగితం మీద రాసిచ్చి, ఇంతని తీసుకునే సలహాదారు దొరికితే అది మేలు. మిగిలింది మళ్లీ ఉచిత కేంద్రాల్లో అడిగి నడుపుకోవచ్చు.

సంతకానికి ముందు ఆరు ప్రశ్నలు

1. మీకు సొమ్ము ఎవరిస్తారు? నేనా, కంపెనీనా?
2. మీ నమోదు నంబరేమిటి? ఎవరి దగ్గర నమోదైంది?
3. నాకు నెలకు ఎంత, ఎప్పటి నుంచి, ఎన్నేళ్లు వస్తుంది? కాగితం మీద రాసిస్తారా?
4. నేను పోతే నా భార్యకు ఎంత? ఆమె కూడా పోతే పిల్లలకు ఎంత?
5. ఆపదొస్తే మధ్యలో తీసుకోవచ్చా? తీస్తే ఎంత కోస్తారు?
6. ఇదే సొమ్ము పోస్టాఫీసులో వేస్తే వచ్చేదానికీ దీనికీ తేడా ఎంత?

ఆరింటికీ సూటిగా జవాబు చెప్పినవారిని నమ్మొచ్చు. 'ఇయ్యాలే ఆఖరు, రేపైతే రేటు తగ్గుతది' అని తొందరపెట్టేవారికి ఒకటే జవాబు చెప్పండి: 'రేపొస్తం.'

ఇటువైపు చూడనే వద్దు

ఫీజుకైనా ఊరికేనైనా కొందరి మాట వినకూడదు. నెలకు రెండు రూపాయలు, మూడు రూపాయల వడ్డీ ఖాయమనేవారు, మరొకర్ని చేర్పిస్తే కమీషన్ ఇస్తామనేవారు, సొమ్ము తమ సొంత ఖాతాలో వేయమనేవారు ఈ కోవలోకి వస్తారు. అగ్రిగోల్డ్‌లో డబ్బు కట్టిన లక్షలాది మందిలో రైతులు, కూలీలు ఎందరో ఉన్నారు. 2015 ప్రాంతంలో అది కూలాక ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఆ సొమ్ము కట్టించుకున్నదీ ఎక్కువగా ఊళ్లో తెలిసిన మనుషులే. తెలిసిన మనిషి కావడం లైసెన్సు కాదు.

ఫోనులో 'మీ పింఛను ఆగిపోయింది, ఓటీపీ చెప్పండి' అంటే పెట్టేయండి. సొమ్ము పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోను చేయాలి. గంటలు గడిచేకొద్దీ దొరికే ఆశ తగ్గుతుంది. బ్యాంకు మీద ఫిర్యాదుకు 14448, బీమా మీద ఫిర్యాదుకు 155255 ఉన్నాయి.

ఇప్పుడేం చేయాలి?

ఈ ఆదివారం ఇంట్లో అందరూ కూర్చోండి. ఆడవాళ్లనూ కూర్చోబెట్టండి. భర్త పోయాక ఏ బ్యాంకులో ఎంతుందో తెలియని ఇల్లాళ్లు ఎందరో ఉన్నారు. ఒక నోటుబుక్కులో ఖాతాలు, పాలసీలు, పీఎఫ్ నంబర్లు, నామినీ పేర్లు రాయండి. నామినీ పేరు లేనిచోట రాయించండి. నెలకు ఇంటి ఖర్చెంతో, ఖాయంగా వచ్చేదెంతో పక్కపక్కన వేయండి. ఆ లోటు ఎంతో తెలిస్తేనే ఎవరినైనా అడగడానికి పనికొస్తుంది.

తర్వాత ఉచితంగా తెలుసుకోగలిగినదంతా తెలుసుకోండి. మిగిలిపోయిన ప్రశ్నల్లో దిద్దుకోలేనివేవో గీత గీసి, వాటికి మాత్రమే ఫీజు పెట్టండి. నోటుబుక్కు పట్టుకుని వెళ్లిన మనిషికి సలహాదారు గంటలో చెప్పగలడు, వట్టి చేతులతో వెళితే నాలుగు సార్లు తిప్పుతాడు.

సొమ్ము మీది, వయసు మీది. ఎవరెంత చెప్పినా సంతకం మీరే పెట్టాలి. చదవకుండా, ఇంట్లో చెప్పకుండా, వచ్చినరోజే పెట్టకండి.